తెరవని నోటికి ఫీజు లేదు

పోయిన ఆదివారం నంద్యాల బస్టాండు ఎదుట, స్నేహితుడి సైకిలుకు పంక్చరు వేయించుకుంటూ ఊరికే తల ఎత్తాను. నీడ కోసం కప్పిన రేకు లోపలి వైపు నా చేతిరాత ఉంది!

పసుపు రంగు మీద నల్ల అక్షరాలు. అక్షరం ఎత్తు అంగుళంన్నర. వరసకూ వరసకూ మధ్య ముప్పావు అంగుళం. వరసలు వంకర పోకుండా నేను గీసుకున్న పెన్సిలు గీతలు కూడా అక్కడక్కడ మిగిలే ఉన్నాయి. పైన పెద్దగా "పిల్లల పళ్ళు మాత్రమే చూడబడును" అని. కింద ఒకటి, రెండు, మూడు అంటూ నిబంధనలు. ఆరో నిబంధన దగ్గర వేలాడదీసిన పాత టైర్లు అడ్డొచ్చాయి.

"ఏందన్నా అట్లా చూస్తాండావ్? బొక్క పడిందా?" అన్నాడు షాపతను.

"లేదప్పా. ఈ రేకు యాడిది?"

"చర్చి సందులో పండ్ల సారు ఉండె గదా, పిల్లోల్ల సారు. ఆయప్ప పోయినాక రూము కాలీ చేసిరి. పాత సామాన్ల కాడ కొంటి. మంచి మందం రేకు."

మందం సంగతి నాకు తెలుసు. కొన్నది నేనే.

ఆయన పోయి ఏడాది దాటింది. నేను సున్నిపెంటలో, డ్యాము పవర్‌హౌసు ఉద్యోగంలో ఉన్నాను. అక్క ఉత్తరం రాస్తే తెలిసింది. అప్పటికే పది రోజులైపోయింది, ఇక వెళ్ళి చూసేది లేదు. ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. హైదరాబాదులో చదివారనీ, కొంతకాలం సర్కారు ఆసుపత్రిలో పని చేసి మానేశారనీ విన్నాను. ఎవరి పిల్లల గురించి అడిగినా చెప్పేవారు కానీ తన ఇంటి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నాకు బాగా తెలిసినవి మూడే: ఆయన చేతులు, ఆయన లెక్క, ఈ రేకు.

ఆయన్ను మొదటిసారి చూసినప్పుడు నా డిప్లొమా అయిన కొత్త. స్టేషను రోడ్డులో మోటార్లకు వైండింగు చేసే షాపులో పనికి కుదిరాను. ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కా మనిషి ఒకాయన రిక్షాలో ఇనుప యంత్రం ఒకటి తెచ్చి దించారు. కింద కుట్టుమిషనుకు ఉన్నట్టు తొక్కుడు పలక. పైన మూడు మడతల చెయ్యి. ఆ చెయ్యి పొడవునా చిన్న కప్పీల మీదుగా నడిచే దారం. కప్పీలు లెక్కపెట్టాను, పదకొండు. నాకు అప్పుడే నిద్ర పట్టనంత సంబరం మొదలైంది.

"ఇదేం మిషను సార్?"

"పండ్లు తొలిచేది. కాలితో తొక్కల్ల. తొక్కుతాంటే నా చెయ్యి కూడా ఊగుతాండాది. బిడ్డ నోట్లో చెయ్యి ఊగితే బాగుండదు గదప్పా. కాలికి పని తప్పించే దారి ఏమన్నా ఉందా?"

ఉంది. మూడు రోజులు కూర్చుని దానికి కుట్టుమిషను మోటారు బిగించాను. కాలి కింద స్విచ్చి పెట్టాను. కరెంటు పోతే పాత పద్ధతిలో తొక్కుకోవడానికి పలక అలాగే ఉంచాను. ఆయన వచ్చి మోటారు నడిపించి, తిరుగుతున్న ముల్లును ముందు తన బొటనవేలి గోరు మీద ఆనించుకున్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. తర్వాత, "నీ చెయ్యి పట్టు" అన్నారు. నా గోరు మీద ఆనించారు. గిలిగింత పెట్టినట్టుంది.

"ఎట్లుంది?"

"గిలిగింత సార్."

"అబద్ధం లేదు గదా?"

"లేదు సార్."

"అయితే పిల్లోల్లకు గిలిగింత అని చెప్పొచ్చు," అన్నారు. నన్ను మెచ్చుకోలేదు. ఆ రోజు నుంచి నా పేరు కూడా పలకలేదు. "ఏం డిప్లొమా" అనే పిలిచేవారు. షాపులో పని లేనప్పుడల్లా నేను ఆ చర్చి సందులోనే గడిపాను.

అది ఒక గది, ఒక వరండా. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు వరకు పిల్లలు. పదమూడేళ్ళు దాటితే ఎంత పెద్దమనిషి కొడుకైనా, "నువ్వు పెద్దోనివైనావు నాయనా, సర్కారు ఆసుపత్రికి పో" అని పంపేసేవారు. పిల్లల పళ్ళకు ఒక డాక్టరేమిటని ఊరంతా నవ్వేది. ఒక రైతు మొహం మీదే అడిగాడు: "ఎట్లా ఊడిపోయే పండ్లే గద సార్, వాటికి దుడ్లు పెట్టేదేంది?"

ఆయన తడుముకోలేదు. "నారుమడి కూడా ఎట్లా పీకేదే గదప్పా. పీకేదే అని నీళ్ళు పెట్టకుండా ఉంటావా?"

ఆ రైతు పైకీ కిందికీ చూసి, కొడుకును ముందుకు తోశాడు. కాలవ కింద వరి పెట్టేవాళ్ళకు ఇంతకంటే చెప్పాల్సిన పని లేదు.

ఆయనది ఒక వింత లెక్క. నొప్పి కాదు అని ఏ బిడ్డకూ చెప్పేవారు కారు. నొప్పిని కొలిచి చెప్పేవారు. చీమ, గండుచీమ, తేనెటీగ, కందిరీగ. నాలుగే మెట్లు. "ఇప్పుడు గండుచీమ కుడుతుంది, ఏడు లెక్కపెట్టే దాకా. తర్వాత మొద్దుబారుతుంది," అనేవారు. "తేలో సార్?" అని అడిగే గడుగ్గాయిలు ఉండేవారు. "తేలు నా దగ్గర లేదు. నువ్వు తెచ్చుకుంటే చెప్పలేను."

ఏడు అంటే ఏడే! బిడ్డ బయటికి లెక్కపెట్టాలి. ఏడు అనగానే పని ఎక్కడున్నా సరే, ఆయన రెండు చేతులూ గాలిలోకి ఎత్తేసేవారు, పోలీసుల ముందు నిలబడ్డ మనిషిలాగా. ఒకసారి నా కళ్ళ ముందే పన్ను చిగురుకు సన్నని దారమంత పట్టుతో వేలాడుతోంది. బిడ్డ "ఏడు!" అన్నాడు. చేతులు పైకి లేచాయి. బయట బెంచీ మీద తండ్రి, "పీకేయండి సార్, పీకేయండి!" అని అరుస్తున్నాడు. ఆయన అటు చూడనే లేదు. బిడ్డతో, "ఏడైపాయ. ఇంకో మూడు ఇస్తావా?" అన్నారు. వాడు కన్నీళ్ళతోనే ఆలోచించి, రాజుగారిలా మూడు వేళ్ళు చూపించాడు. రెండు అనేసరికి పని అయిపోయింది. మిగిలిన ఒకటి వాడికి తిరిగి ఇచ్చేశారు, "ఇది నీదే, పెట్టుకో" అని.

కుర్చీ సంగతి కూడా చెప్పాలి. కాలితో నొక్కితే నూనె ఒత్తిడికి పైకి లేచే ఇనుప కుర్చీ అది. నూనె కారుతుంటే లోపలి వాషరు నేనే మార్చాను. మొదటిసారి వచ్చిన బిడ్డకు ఏ పనీ చేయకూడదనేది ఆయన పట్టుదల. కుర్చీ ఎక్కాలి, పైకి లేవాలి, కిందికి దిగాలి, ఆయన పళ్ళు లెక్కపెట్టాలి, ఇంటికి పోవాలి. దానికి ఫీజు లేదు. ఇంకేం! సందులో పిల్లలందరికీ ఒక్కసారిగా పళ్ళ నొప్పులు మొదలయ్యాయి. ఒకడైతే చెల్లెలి గౌను వేసుకుని రెండోసారి మొదటిసారి వచ్చాడు. ఆయన వాణ్ణి గుర్తుపట్టి కూడా కుర్చీ లేపారు. "ఈ పాప పండ్లు మొన్న వచ్చిన పిల్లోని పండ్ల మాదిరే ఉండాయే" అని మాత్రం అన్నారు.

ఇన్ని పట్టింపులు నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి ఒకరోజు బోర్డు రాయించాలనుకున్నారు. పాలిటెక్నిక్‌లో డ్రాయింగు పేపరులో నా అక్షరాలకు మంచి మార్కులు వచ్చాయని ఎప్పుడో చెప్పుకున్నాను. "అయితే నువ్వే రాయి" అన్నారు. నేను కొలతలతో సహా కాగితం మీద నమూనా గీశాను. ఆయన చేతులు కడుక్కుంటూ ఏడు నిబంధనలు చెప్పారు.

ఒకటి, మొదటిసారి పని లేదు, ఫీజు లేదు. రెండు, బిడ్డ మాత్రమే లోపలికి, పెద్దలు బెంచీ మీద. మూడు, నొప్పి కాదని చెప్పి తీసుకురావద్దు. నాలుగు, మాట వినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోతానని ఇంట్లో బెదిరించవద్దు. ఐదు, తెరవని నోటికి ఫీజు లేదు.

ఐదో దాని దగ్గర నేను పెన్సిలు ఆపాను. "నోరు తెరవకపోయినా మీ టైము పోతుంది గద సార్?"

"నోరు బిడ్డది. తాళం చెవి కూడా బిడ్డదే. తీయల్యా అంటే నాకు తీయించే నేర్పు చాల్లేదని. దానికి వాళ్ళ నాయన ఎందుకియ్యల్ల?"

ఆరు, ఫీజు పని అయిన తర్వాతే, అదీ బిడ్డ చేతితోనే ఇవ్వాలి. తన నోటి పనికి తానే ఇచ్చానని తెలిసిన బిడ్డ తలెత్తుకుని పోతుందని ఆయన నమ్మకం. ఏడు, ఇవ్వలేనివారు ఆ మాట నా చెవిలో చెప్పండి, బిడ్డ వినకూడదు.

అంతే, ఏడు. కానీ రేకు మీద కింద ఎనిమిది అంగుళాల జాగా మిగిలింది. నిబంధనల్లో లోపం కూడా కనబడింది. వేళల గురించి ఒక్క మాట లేదు! ఒంటిగంటకు, రెండింటికి కూడా వచ్చి తలుపు తట్టేవాళ్ళు ఉన్నారు. ఆయన అన్నం ముందు నుంచి లేచేవారు. అందుకని నాకు తోచిన ఎనిమిదో నిబంధన నేనే రాసేశాను: "పగలు పన్నెండు దాటి వచ్చినవారిని చూడబోము."

ఆరిన తర్వాత ఆయన వచ్చి చదివారు. ఎనిమిదో దాని దగ్గర ఆగారు.

"ఇది నేను చెప్పినానా?"

"లేదు సార్. మీకు అవసరమని..."

"సరే. ఉండనీ. రాసేది నువ్వు, నిలబెట్టేది నేను. బోర్డు మీద పడినాక మాటే గదా."

ఆ వారమే నేను దాన్ని అమలు కూడా చేశాను. ఆయన లోపల ఉండగా పన్నెండూ పదికి పాములపాడు నుంచి ఒక రైతు కొడుకుతో వచ్చాడు. నేను వరండాలో లేచి నిలబడి, బోర్డు చూపించి పంపేశాను. ఆయనకు చెప్పలేదు. మేలు చేశాననే అనుకున్నాను.

మా అక్కను ఆళ్ళగడ్డలో ఇచ్చారు. బావది రాతి పని, దేవుళ్ళ విగ్రహాలు చెక్కుతాడు. వాళ్ళ కూతురు సుజాతకు అప్పుడు ఆరేళ్ళు. అంతకు ఏడాది ముందు తిరునాళ్ళలో పళ్ళు పీకే మనిషి దగ్గరికి దాన్ని వాళ్ళ అవ్వ తీసుకుపోయింది. "ఊరికే చూస్తాడంతే" అని నోరు తెరిపించింది. అతను చూడటంతో ఆగలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల నోరు అన్నానికి, మాటకు తప్ప ఎవరికీ తెరుచుకోలేదు. ఇప్పుడు దవడ పన్ను పుచ్చి, చెంప వాచి, నాలుగు రోజులుగా గంజి తప్ప దిగడం లేదని అక్క కబురు పంపింది. ఏడు గంటల బస్సుకు బయలుదేరమన్నాను. ముందు రోజే ఆయనకు చెప్పి పెట్టాను.

"పాపకు ఏం చెప్పి తెస్తాండారు?" అదే ఆయన మొదటి ప్రశ్న.

"పన్ను డాక్టరు దగ్గరికి పోతున్నాం, తెరిస్తే తెరువు, లేకుంటే లేదు అని చెప్పమన్నా సార్."

"మంచిది."

మరునాడు తొమ్మిదైంది. పదైంది. బస్సు రాలేదు. పదకొండున్నరకు నేను సందు మొదట్లో నిలబడ్డాను. పన్నెండు కొట్టింది. పన్నెండూ ఇరవైకి అక్క పరుగులాంటి నడకతో వచ్చింది. పక్కన సుజాత, తల చుట్టూ చెంప మీదుగా కట్టిన పాత పంచె గుడ్డ.

"శిరివెళ్ళ కాడ బస్సు చెడిపోయెరా! మూడున్నర గంటలు చెట్టు కింద కూచోబెట్టిరి. ఉండాడా సారు?"

ఆయన వరండాలోనే ఉన్నారు. చివరి పిల్లవాడు చేతిలోని ఫీజు ఆయన చేతిలో పెడుతున్నాడు. ఆ పిల్లవాడి వెనక నిలబడ్డ మనిషిని చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను. పాములపాడు రైతు!

అతను నన్ను చూశాడు, మా అక్కను చూశాడు, గోడ గడియారం చూశాడు. అరవలేదు. మామూలుగానే అడిగాడు.

"సార్, పోయిన వారం మేం పన్నెండుం పదికి వస్తిమి. పిల్లోడు నొప్పికి పొర్లాడుతాండె. ఈ అబ్బాయి బోర్డు చూపించి పంపె. రాత్రంతా బస్టాండులో పండుకొని, పొద్దున చూపిచ్చుకొని పోతిమి. ఇప్పుడు ఇరవై నిమిషాలాయ. ఈ అబ్బాయి వాళ్ళకు బోర్డు లేదా?"

ఆయన నా వైపు తిరిగారు. "పంపినావా?"

"పంపినా సార్."

"నాకు చెప్పల్యా?"

అంతలో పాములపాడు పిల్లవాడు బోర్డు వైపు తిరిగి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, "పన్నెండు... దాటి... వచ్చిన..." అని గట్టిగా చదివేశాడు. మా అక్క కూతుర్ని ముందుకు జరిపింది. "నా బిడ్డకు ఒళ్ళు కాలుతాండాది సార్," అంది.

ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని సుజాత నుదుటి మీద చెయ్యి పెట్టారు. ఆ పిల్ల పెదవులు బిగించింది. ఆయన నోరు తెరవమనలేదు. గుడ్డ మీద నుంచే వాపును కళ్ళతో కొలిచారు.

"రేపటి దాకా ఆగేది కాదు," అన్నారు. ఆ తర్వాత రైతుతో, "నువ్వన్నది న్యాయమప్పా. చదివిన బిడ్డ ముందర బోర్డును అబద్ధం చేసేదానికి లేదు. ఈడ చూడను."

అక్క బెంచీ మీద కూలబడింది. నాకు ఆ రేకును గోడ నుంచి పీకి వంచి పారేయాలనిపించింది.

"డిప్లొమా," అన్నారాయన.

"సార్."

"ఈ బోర్డు ఆళ్ళగడ్డలో ఉందా?"

"లేదు సార్."

"అయితే పెట్టె అందుకో. ఒంటిగంట బస్సు దొరుకుతుంది. బేగా రా!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమైన మరుక్షణం అల్యూమినియం పెట్టె నా చేతిలో ఉంది! ఆయన చెప్పులేసుకుంటూ రైతుతో అంటున్నారు: "నీకొక తూరి బాకీ పడినాము. ఆదివారం పాములపాడుకు నేనే వస్తా. మీ వీధి పిల్లోల్లనంతా నీ అరుగు మీద కూచోబెట్టు." రైతుకు నవ్వాగలేదు. "అట్లనే రా సామీ," అన్నాడు. అతని కొడుకు మా వెంట బస్టాండు దాకా వచ్చాడు, ఊరికే, చూడటానికి.

బస్సులో అక్క ఆడవాళ్ళ సీట్లలో ముందు కూర్చుంది. వెనక సీటులో కిటికీ పక్కన సుజాత, మధ్యలో ఆయన, ఈ చివర నేను, ఒళ్ళో పెట్టె. బస్సు ఊరు దాటింది. ఆయన ఉన్నట్టుండి తన నోరు బారుగా తెరిచి ఆ పిల్ల వైపు తిరిగారు. టికెట్లు కొట్టడానికి వచ్చిన కండక్టరు, "ఏమైంది సార్, గాలాడల్యానా?" అన్నాడు.

"లెక్కపెడతాంది. ఉండు," అన్నారాయన, నోరు తెరిచే.

సుజాత కాసేపు చూసి, వేలు ముందుకు చాపి లెక్క మొదలుపెట్టింది. బస్సు కుదుపుకు రెండుసార్లు తప్పింది, రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి పెదవులు కదలీ కదలకుండా, "ఇరవైతొమ్మిది" అంది.

"ముప్పైరెండు ఉండల్ల గదా. మూడు యాడ బోయ?" అన్నారు.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేను నీ అంత ఉన్నప్పుడు నోరు తెరవమంటే తెరవల్యా. మొండోన్ని. చాలా దినాలు తెరవల్యా. తెరిచేసరికి అవి పోయినాయి."

ఆ పిల్ల ఆయన్ను అనుమానంగా చూసింది. భయపెట్టడానికి చెప్పే కథో, నిజమో తేల్చుకోవడానికి నావైపు చూసింది. నాకేం తెలుసు! అప్పుడు ఆయన దవడ దగ్గర పెదవి వేలితో పక్కకు లాగి, ఖాళీ జాగా చూపించారు. పిల్ల వంగి మరీ చూసింది. శిరివెళ్ళ దాటాక నేను ఆయన చెవిలో, "సార్, మొదటిసారి పని లేదు గదా. ఒకటో నిబంధన?" అన్నాను.

"మొదటిసారి ఇప్పుడు అయితాండాది గదప్పా. బస్సు లేస్తాండాది, దిగుతాండాది. పండ్ల లెక్క కూడా అయిపాయ."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు దాచుకున్నాను.

బావ పని చేసే షెడ్డు రోడ్డు పక్కనే. నాలుగు వైపులా వెలుతురు, ఎక్కడ చూసినా రాతి దుమ్ము, మధ్యలో సగం చెక్కిన హనుమంతుడు. డాక్టరు ఇంటికి వచ్చాడంటే బావకు చేతులాడలేదు. ఉలి కిందపెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. ఆయన చుట్టూ చూసి, "వెలుతురు ఈడే బాగుంది. ఈడనే చూస్తా. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లించప్పా," అన్నారు. రెండో నిబంధన ప్రకారం అక్కను, బావను షెడ్డు బయట నిలబెట్టారు. సొంత షెడ్డులోంచి బయటికి పోయిన బావ గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నేను కిరసనాయిలు స్టవ్వు మీద పనిముట్లు మరిగించాను.

ఆయన తెల్ల గుడ్డ మీద వాటిని వరసగా పరిచారు. సుజాత బండ మీద కూర్చుని వాటిని చూస్తోంది. నోరు బిగించే ఉంది.

"ఏది ఏమిటో అడుగు, చెప్తా," అన్నారు.

పిల్ల అడగలేదు, వాటి వైపు వేలు చూపింది. పెదవుల మధ్య నుంచి, "ఇవి ఉలులే గదా" అంది.

"ఉలులే. చిన్నవి."

"రాయి పగులుతుంది ఉలికి."

నాకు అప్పుడు తెలిసింది ఆ పిల్ల ఇన్నాళ్ళూ దేనికి భయపడుతోందో. పుట్టినప్పటి నుంచి ఉలి కింద బండలు చీలడం చూసిన పిల్ల. రాయినే చీల్చేది పన్నును వదులుతుందా?

ఆయన, ఎదుట ఉన్నది వేరే పని తెలిసిన మనిషి అన్నట్టు, మర్యాదగా అడిగారు. "మీ నాయన ఉలి పెట్టే ముందు ఏం చేస్తాడమ్మా?"

"తట్టి వింటాడు."

"ఏం వింటాడు?"

"మంచి రాయి గంట మాదిరి ఖంగుమంటాది. లోపల పగులుంటే బొద్దుగా పలుకుతాది. పగులు కాడ నాయన ఉలి పెట్టడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. అంత సంబరం నేను ఆయనలో అంతకు ముందు చూడలేదు! పీట ముందుకు జరుపుకున్నారు. "నేను కూడా అదే చేస్తానమ్మా! పన్నును తట్టి చూస్తా. మంచి పన్నైతే ఏం కాదు. చెడ్డదైతే తెలుస్తుంది." మరిగించి చల్లార్చిన చిన్న అద్దం తీసి, దాని పిడిని ఆ పిల్ల చేతికి ఇచ్చారు. "నేను వద్దు. నువ్వే తట్టుకో. మీ నాయన పని నీకు తెలుసు గదా."

పిల్ల ఆ పిడిని తిప్పి చూసింది. బరువు చూసింది. బండ మీద ఒకసారి తట్టి విన్నది. తర్వాత ముఖం వెలుతురు వైపు తిప్పి, తనంతట తానే నోరు తెరిచింది.

బయట అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

టక్. ముందు పన్ను. టక్. దాని పక్కది. ఒక్కొక్కటే వెనక్కి పోతోంది, తట్టి ఆగి, తట్టి ఆగి, అచ్చం వాళ్ళ నాయనలాగే తల పక్కకు వంచి. నాలుగోదాని దగ్గర మెల్లగా తాకించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిడి తీసేసి, నోరు మూయకుండానే వేలితో చూపించింది.

"ఈడ పగులుండాది."

"అదే. నువ్వు చెప్పినదే. దాన్ని తీయల్ల. సూది తేనెటీగ. పది లెక్కపెట్టల్ల. తర్వాత మొద్దుబారుతుంది. తీసేటప్పుడు గండుచీమ, అంతే. సరేనా?"

"కందిరీగ కాదు గదా?"

"కాదు."

పది అన్నప్పుడు సూది బయటికి వచ్చేసింది. మొద్దుబారే దాకా ఆయన హనుమంతుడి గురించి అడిగారు, పిల్ల ఒక పక్క నోటితోనే చెప్పింది. తీసేటప్పుడు ఏడు లెక్క. ఐదు. ఆరు. ఏడు! ఆయన చేతులు గాలిలోకి లేచాయి. పన్ను ఇంకా రాలేదు. బావ గుంజను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏడైపాయ. ఇంకో మూడు ఇస్తావా?"

సుజాత ఆయన చేతులను చూసింది. అవి నిజంగా పైనే ఉన్నాయి. ఏడాదిగా ఆ పిల్ల చూడాలనుకున్నది అదేనేమో. ఐదు వేళ్ళూ చాపింది.

"ఐదు తీస్కో."

నాలుగుకు పన్ను వచ్చింది. దాంతోపాటు లోపలి చీము అంతా దిగింది. సాయంత్రానికి జ్వరం తగ్గుముఖం పట్టింది. చీకటి పడే ముందు పిల్ల పాలలో నానబెట్టిన బ్రెడ్డు తిన్నది. ఫీజు బావ ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అక్క కొంగు ముడి విప్పి కూతురి చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని ఆయన అరచేతిలో పెట్టి, ఆయన మిగిలిన "ఒకటి" కూడా తిరిగి ఇవ్వాలని గుర్తుచేసింది. నేనే చెప్పి ఉంటానా ఆ సంగతి? గుర్తు లేదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని, అద్దం పిడితో కిటికీ ఊచను తట్టి వింటూ వచ్చారు.

మరునాడు పొద్దున్నే నేను రంగు డబ్బా, గీకుడు బిళ్ళ తీసుకుని పోయాను. ఎనిమిదోది చెరిపేయడానికి. ఆయన ఒప్పుకోలేదు.

"పన్నెండు దాకా అని రాస్తే తొందరగా వస్తాండారు, అదీ మంచిదే. దాన్ని ఉండనీ. కింద ఇంకోటి రాయి."

"ఏం రాయల్ల సార్?"

"'తర్వాత వచ్చినవారు ఏ ఊరో చెప్పి పోవలెను.' అంతే."

అదే తొమ్మిది. నా చేతితో నేను రాసిన చివరిది. ఆ ఆదివారం పాములపాడు పోయారు, తర్వాత చాగలమర్రి, తర్వాత ఏ ఊళ్ళకో. పెట్టె మోయడానికి కొన్నిసార్లు నేనూ వెళ్ళాను. ఆరు నెలలకు నాకు సున్నిపెంటలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళొస్తానని చెప్పడానికి పోతే చేతులు కడుక్కుంటూ, "మోటారుకు నూనె ఎన్ని దినాలకు వెయ్యల్లనో రాసిచ్చి పో డిప్లొమా," అన్నారు. రాసిచ్చాను, నంబర్లు వేసి.

ఇదంతా సైకిలు షాపు రేకు కింద కూర్చుని ఒక్క పంక్చరు సేపట్లో గుర్తొచ్చింది. లేచి, వేలాడుతున్న టైర్లను పక్కకు జరిపాను. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. అన్నీ ఉన్నాయి.

దాని కింద ఇంకొక వరస ఉంది.

అది నా రాత కాదు. పెన్సిలు గీత లేదు, కొలత లేదు. అక్షరాలు పెద్దవీ చిన్నవీ, వరస కుడివైపుకు దిగిపోయింది. బ్రష్షు పట్టడం రాని మనిషి, చేతులు మాత్రం చాలా కుదురైన మనిషి రాసిన రాత. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

"10. పన్నును మొదట బిడ్డే తట్టి చూసుకొనవచ్చును."

"అయిపాయ అన్నా, గాలి పట్టినా," అన్నాడు షాపతను.

"అప్పా, ఈ రేకు ఇస్తావా? ఇంకో రేకు కొత్తది వేయిస్తా."

"ఇదెందుకన్నా నీకు?"

"ఆళ్ళగడ్డలో ఒక పిల్లకు చూపియ్యల్ల," అన్నాను. "పదోది ఆ పిల్లదే."

అతను నిచ్చెన తెచ్చాడు.